మాల్దీవులలో మగ్రిబీ ఖాజీ: ఇబ్నె బతూతా ద్వీపవాసం

ఇబ్నె బతూతా పేరు వినని చరిత్ర పాఠకుడు మన సమాజంలో అరుదు. హిజ్రీ 703 (క్రీ.శ. 1304)లో మొరాకో దేశపు తంజా నగరంలో పుట్టి, ఇరవై ఒకటో ఏట హజ్ కోసం ఇల్లు వదలి, మళ్ళీ స్వదేశపు గాలి పీల్చడానికి సుమారు పాతికేళ్ళు తీసుకున్న మనిషి ఆయన. ఆయనను గురించి వ్రాసేవారు తరచుగా ఆయన నడిచిన మైళ్ళను లెక్క కడతారు, చూసిన రాజులను లెక్క కడతారు. కాని ఆయన జీవితంలో నడక ఆగిన కాలాలు కూడా ఉన్నాయి. అప్పుడాయన యాత్రికుడు కాదు; పరాయి దేశంలో ఇల్లు కట్టుకొని, జీతం తీసుకొని, ఆ ఊరి నీళ్ళు తాగి, ఆ ఊరి జ్వరం పడిన ప్రవాసి. ఢిల్లీలో అలా కొన్నేళ్ళు గడిపాడు. ఆ తర్వాత మాల్దీవులలో గడిపాడు.

ఈ రెండు ప్రవాసాలకు మధ్య చాలా తేడా ఉన్నది. యువరాజుగా ఉన్నప్పుడు 1323లో ఓరుగల్లును పట్టుకున్న ముహమ్మద్ బిన్ తుగ్లక్, సుల్తాన్ అయిన తర్వాత తన దర్బారును విదేశీ పండితులతో నింపాడు. వారిని ‘పరదేశులు’ అని పిలువరాదనీ, ‘అజీజులు’ అని గౌరవంగా పిలవాలనీ ఆజ్ఞాపించాడు. అక్కడ ఇబ్నె బతూతా వందలాది విదేశీయులలో ఒకడు. అరబ్బులు, ఖురాసానీలు, తురుష్కులు చుట్టూ ఉండగా పరాయితనం అంతగా తెలియదు. మాల్దీవులలో అట్లా కాదు. సముద్రం మధ్య మనిషి ఎత్తు కూడా లేని ఇసుక నేలలమీద, కొబ్బరి చెట్ల కింద, తనకు తెలియని భాష మాట్లాడే ప్రజల మధ్య ఆయన ఉన్నాడు. పైగా వారిపై తీర్పు చెప్పే స్థానంలో ఉన్నాడు. ‘రిహ్లా’ గ్రంథంలో ఈ భాగం అందుకే మిగతా భాగాలకంటే భిన్నంగా చదువుతుంది.

ఆయన అక్కడికి చేరిన విధం కొంత విచిత్రం. సుల్తాన్ ఆయనను చైనా చక్రవర్తి వద్దకు రాయబారిగా పంపాడు. కాలికట్ రేవులో తుఫాను వచ్చి ఓడలు పగిలి, కానుకలన్నీ సముద్రం పాలయ్యాయి. ఒట్టి చేతులతో ఢిల్లీకి తిరిగి వెళ్ళి ఆ సుల్తాన్ ముందు నిలబడే ధైర్యం ఎవరికి ఉంటుంది? మలబారు తీరంలో కొంతకాలం అటూ ఇటూ తిరిగి, చివరకు 1343లో కాలికట్ నుండి ఓడ ఎక్కి, పది రోజులకు తాను ‘జీబతుల్ మహల్’ అని వ్రాసిన ద్వీపాలకు చేరాడు. ఆ ద్వీపాలు రెండు వేలదాకా ఉన్నాయని ఆయన అంచనా. గుండ్రని దండలవలె అమరి ఉంటాయనీ, ఒక్కొక్క దండకు వాకిలివంటి దారి ఒకటే ఉంటుందనీ, స్థానికుడు దారి చూపకపోతే ఓడ లోపలికి పోలేదనీ వ్రాశాడు. పగడపు దిబ్బలతో ఏర్పడిన ఆ వలయాలను నేడు భూగోళ శాస్త్రజ్ఞులు వర్ణించే తీరు కూడా ఇంతకంటే వేరుగా లేదు. భూగోళ శాస్త్రంలో వాటికి వాడే ‘అటాల్’ అనే మాట సైతం మాల్దీవుల భాషలోని ‘అతొళు’ నుండి వెళ్ళినదే.

మొదట దిగిన దీవిలో జఫార్ నుండి వచ్చిన ఒక పండితుడు ఆయనకు ఒక హెచ్చరిక చేశాడు. రాజధాని ద్వీపంలో ప్రస్తుతం తగిన ఖాజీ లేడు, అక్కడికి వెళితే వజీరు నిన్ను కదలనివ్వడు అని. ఇబ్నె బతూతా ఉద్దేశం సింహళం వెళ్ళి ఆదమ్ (అ.స.) పాదముద్రగా చెప్పుకునే కొండను దర్శించి, తర్వాత బెంగాలు, చైనా చేరడం. కనుక తాను ఢిల్లీలో ఖాజీగా చేసిన సంగతి ఎవరికీ చెప్పవద్దని తన వారిని కోరాడు. ఆ రహస్యం ఎంతోకాలం నిలువలేదు. సింహళం నుండి వచ్చిన ఓడలో అరబ్బు, ఇరానీ దర్వేషులు దిగి, ఆయనను గుర్తుపట్టి, వజీరు మనుషులకు చెప్పివేశారు.

దేశాన్ని ఏలుతున్నది ఒక స్త్రీ. సుల్తాన్ జలాలుద్దీన్ ఉమర్ కుమార్తె ఖదీజా. ఆమె సోదరుడు షిహాబుద్దీన్‌ను గద్దె దించి, దేశం వెళ్ళగొట్టి, తర్వాత చంపించారు. రాజవంశంలో ఖదీజా, ఆమె ఇద్దరు చెల్లెళ్ళు తప్ప మిగలలేదు. ఆమె భర్త జమాలుద్దీన్ వజీరు; పరిపాలన వాస్తవంగా అతని చేతిలో ఉన్నది. అయినా శుక్రవారం ఖుత్బాలో దుఆ చేసేది రాణి పేరనే. ఫర్మానాలు వెలువడేవీ ఆమె పేరనే. వాటిని తాటాకులమీద వంపు తిరిగిన ఇనుప పనిముట్టుతో గీసేవారు. కాగితం మాత్రం ఖుర్ఆన్‌కూ, ధార్మిక గ్రంథాలకూ వాడేవారు. గంటం, తాటాకు ఎరిగిన తెలుగు పాఠకునికి ఇందులో వింత ఏమీ కనిపించదు కాని తంజా నుండి వచ్చినవానికి కనిపించింది. స్త్రీ పరిపాలన ఆయనకు మరింత వింత. ఐనా ఆ వింతను నమోదు చేశాడే తప్ప, ఖాజీ అయిన తర్వాత కూడా దానిపై ఆక్షేపణ చెప్పినట్టు ఎక్కడా వ్రాయలేదు.

దినచర్య విషయంలో ఇబ్నె బతూతా కన్ను ఎంత సూక్ష్మమైనదో ఈ అధ్యాయం చూపుతుంది. ఇండ్లు కొయ్యతో కట్టినవి. నేల చెమ్మ తగలకుండా, చెక్కిన రాళ్ళ వరుసలపై కొబ్బరి దూలాలు పరచి, ఎత్తుగా కట్టేవారు. వాకిట్లో అతిథులు కూర్చునే గది. దాని పక్కన నీళ్ళ కుండ, కుండలో రెండు మూరల కాడ బిగించిన కొబ్బరి చిప్ప. బావులు లోతు లేనివి కనుక ఆ చిప్పతోనే నీళ్ళు తోడుకోవచ్చు. పెద్దవారూ చిన్నవారూ అందరూ చెప్పులు లేకుండా నడిచేవారు. వీధులు ఊడ్చి ఉంటాయి, చెట్ల నీడలో ఉంటాయి, తోటలో నడిచినట్టే ఉంటుంది అని ఆయన మెచ్చుకున్నాడు. కాని ఎవరింటికి వెళ్ళినా, మసీదుకు వెళ్ళినా, ముందు కాళ్ళు కడుక్కొని పీచు పట్టమీద తుడుచుకొని గాని లోపల అడుగు పెట్టరాదు. ఎండకు చెమట ఎక్కువ కనుక రోజుకు రెండుసార్లు స్నానం చేసి చందనం, సుగంధ తైలాలు పూసుకునేవారు. ఫజ్ర్ నమాజు తర్వాత ఇంటి స్త్రీ సుర్మా, పన్నీరు, అత్తరు తెచ్చి భర్తకో కొడుకుకో అందించేది.

తిండి సంగతి. ధాన్యం దాదాపు లేదు. ఒక్క ప్రాంతంలో చిరుధాన్యం కొంచెం పండేది. బియ్యం ఓడలమీద రావలసిందే. రాణి కొలువులోని సైనికులకు, వారిలో ఎక్కువమంది విదేశీయులే, నెల జీతం బియ్యంగానే కొలిచి ఇచ్చేవారు. గొర్రెలు సైతం మాబర్, మలబారు, మొగదిషుల నుండి తేవలసినవే. అందుకే వజీరు ఒక విందుకు ఐదు గొర్రెలు పంపడాన్ని ఇబ్నె బతూతా గొప్పగా గుర్తుంచుకున్నాడు. నిజమైన ఆహారం చేప, కొబ్బరి. ఎర్రని మాంసం గల ఒక సముద్రపు చేపను నాలుగు ముక్కలు చేసి, కొద్దిగా ఉడికించి, తాటాకు బుట్టలలో పొగకు వేలాడదీసి ఎండబెట్టేవారు. అది భారతదేశానికి, చైనాకు, యెమెన్‌కు ఎగుమతి అయ్యేది. ఎండబెట్టిన ట్యూనా చేప నేటికీ ఆ ద్వీపాల వంటింటి వస్తువే. సింహళంలో దానిని ‘మాల్దీవు చేప’ అనే పేరుతోనే వాడుతారు. కొబ్బరి నుండి పాలు, నూనె, తేనెవంటి పాకం తీసేవారు. చామదుంపను పిండి చేసి, సేమియావలె వత్తి, కొబ్బరి పాలలో వండిన వంటకం తనకు చాలా ఇష్టమని వ్రాశాడు. గోధుమ రొట్టె, ఖర్జూరం తిని పెరిగిన మనిషి మాట ఇది.

ఆ ద్వీపాల సంపద రెండు వస్తువులలో ఉన్నది. అంతకు మూడు వందల ఏళ్ళ ముందే అల్‌బీరూనీ ఈ దీవులను రెండు వర్గాలుగా చెప్పి, ఒకదాన్ని గవ్వల పేరుతో, మరొకదాన్ని కొబ్బరి తాళ్ళ పేరుతో పిలిచాడు. కొబ్బరి పీచును ఒడ్డున గుంటలలో నానవేసి, కొయ్య సుత్తులతో కొట్టి, స్త్రీలు తాడుగా పేనేవారు. హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడల పలకలను మేకులతో కాక ఈ తాళ్ళతో కుట్టేవారు. రాతికి తగిలితే మేకుల ఓడ పగులుతుంది, కుట్టిన ఓడ సాగుతుంది అని ఇబ్నె బతూతా కారణం చెప్పాడు. మన కోస్తాలో అలలను దాటడానికి వాడిన మసూలా పడవ కూడా ఇట్లా కుట్టినదే. ఇక గవ్వలు. సముద్రంనుండి తీసి, గుంటలలో పూడ్చి, లోపలి మాంసం కుళ్ళిపోయిన తర్వాత తెల్లని గుల్లను తీసేవారు. అదే అక్కడి నాణెం. నూరు గవ్వలకు, ఏడు వందలకు, పన్నెండు వేలకు, లక్షకు వేర్వేరు పేర్లు ఉండేవి. నాలుగు లక్షల గవ్వలు ఒక బంగారు దీనారు. కొన్నిసార్లు పది లక్షలదాకా ధర పడిపోయేది. బెంగాలు వర్తకులు బియ్యం ఇచ్చి గవ్వలు కొని పోయేవారు, ఎందుకంటే అక్కడా అవే చలామణి. దాదాపు పదేళ్ళ తర్వాత పశ్చిమాఫ్రికాలోని మాలీ రాజ్యంలో ఇబ్నె బతూతా అవే గవ్వలను దీనారుకు 1150 చొప్పున మారగా చూశాడు. అంటే భూమికి ఆ కొసనుండి ఈ కొసకు వచ్చేసరికి గవ్వ విలువ సుమారు 350 రెట్లు పెరిగిందన్నమాట. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం నేటికీ అంటున్న మాట వెనుక ఈ సముద్ర వాణిజ్యం నీడ ఉన్నది.

ఓడ వచ్చిందంటే దీవి ప్రజలు చిన్న పడవలలో తమలపాకులు, లేత కొబ్బరి బొండాలు పట్టుకొని ఎదురు వెళ్ళేవారు. వచ్చినవారిలో ఎవరికి బొండం అందిస్తే వారు ఆ ఇంటి అతిథి; సొంత బంధువు సామాను మోసినట్టు అతని మూటలు మోసుకొని ఇంటికి తీసుకుపోయేవారు. పెళ్ళి చేసుకోదలిస్తే చేసుకోవచ్చు. మహర్ స్వల్పం. ఓడ బయలుదేరేనాడు తలాఖ్ ఇచ్చి వెళ్ళిపోవచ్చు. ఎందుకంటే అక్కడి స్త్రీలు తమ దేశం విడిచి రారు. ఇబ్నె బతూతా స్వయంగా ఇది ముత్ఆ వంటిదే అని వ్రాశాడు. ఆ మాట ఒక మాలికీ ఫఖీహ్ నోట వచ్చింది కనుక తేలికగా తీసుకోరానిది. నికాహ్‌లో గడువు షరతుగా పెడితే అది ముత్ఆ, చెల్లదు. గడువు మాట నోట రాక, మనసులో మాత్రం వదిలి వెళ్ళే ఉద్దేశం ఉంటే, అత్యధిక ఫుఖహా దృష్టిలో నికాహ్ చెల్లుతుంది. ఇమామ్ ఔజాయీ మాత్రం దానినీ ముత్ఆ కిందనే లెక్కించారని ఇబ్నె ఖుదామా ‘అల్ ముగ్నీ’లో పేర్కొన్నాడు. ఇమామ్ మాలిక్ ఇది మంచి మనుషుల నడవడి కాదన్నారని అంటారు. చెల్లడం వేరు, శోభించడం వేరు. ఈ ప్రశ్న పుస్తకాలలో ఒక పంక్తి. ఆ రేవులలో మాత్రం ఓడ ఓడకూ తలెత్తే ప్రశ్న. ఓడ వెళ్ళిన తర్వాత ఒడ్డున మిగిలిన స్త్రీల మాట ఏ నావికుడూ వ్రాయలేదు.

ఇబ్నె బతూతాకు మొదట ఎదురైనది జ్వరం. ఈ ద్వీపానికి వచ్చిన ప్రతివాడికీ అది తప్పదని ఆయన వ్రాశాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత, 1602లో ఓడ పగిలి అక్కడ చిక్కుకున్న ఫ్రెంచి నావికుడు పిరార్ సైతం ఈ జ్వరాన్నే వర్ణించాడు. అతని సహచరులలో పలువురు అక్కడే చనిపోయారు. మాల్దీవులు మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధ్రువీకరించింది. ఆ జ్వరం మన ఖాజీ గారిని ఎంత బాధించిందంటే, నగలు అమ్మి గవ్వలు కొని బెంగాలుకు ఓడ మాట్లాడుకున్నాడు. అప్పుడు వజీరు నుండి కబురు వచ్చింది: పోవాలంటే పోవచ్చు, మేము ఇచ్చినదంతా తిరిగి ఇచ్చి పో. ఇచ్చినది అప్పటికే గవ్వలుగా మారింది. వాటిని తిరిగి తీసుకొమ్మంటే వర్తకులు తీసుకోలేదు. తీసుకోవద్దని వజీరు లోపాయికారీగా చెప్పించాడు. బంగారు పంజరం అంటే ఇదే. తర్వాత వజీరు మనిషి వచ్చి బుజ్జగించగా ఇబ్నె బతూతా ఉండడానికి ఒప్పుకొని, తన వంతుగా ఒక షరతు పెట్టాడు. తాను కాలినడకన తిరగలేడు, వాహనం కావాలి. ఆ ద్వీపంలో వజీరు తప్ప ఎవరూ స్వారీ చేసే ఆచారం లేదు. గుర్రంమీద ఆయన బయలుదేరేసరికి పిల్లలూ పెద్దలూ వింతగా చూస్తూ గుంపులుగా వెంటపడ్డారు. చివరకు రాగి పళ్ళెం మోగించి, ఎవరూ ఖాజీ వెంటపడరాదని చాటింపు వేయించవలసి వచ్చింది. అందరూ వట్టి కాళ్ళతో నడిచే వీధులలో గుర్రం మీద పోయే ఆ ఒక్క మనిషి తర్వాతి కథకంతా బొమ్మకట్టినట్టు కనిపిస్తాడు.

అతనిని నిలపడానికి వజీరు ఎన్నుకున్న మరో ఉపాయం వివాహం. ఒక వజీరు కుమార్తెతో మాట కుదిరింది. సమయానికి ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. దానికి బదులు రాణి తండ్రికి భార్యగా ఉండిన వితంతువుతో నికాహ్ జరిపించి, మహర్ వజీరే చెల్లించాడు. ఆమె గుణగణాలను ఇబ్నె బతూతా మనసారా మెచ్చుకున్నాడు. ఆ తర్వాత మరి మూడు వివాహాలు, అన్నీ రాజవంశంలోనో వజీరుల ఇళ్ళలోనో. ఆ స్త్రీలు భర్త సేవ ఇతరులకు వదలరు. అన్నం వడ్డించి, చేతులు కడిగి, వుజూకు నీళ్ళు తెస్తారు. కాని భర్తతో కలిసి భోజనం చేయరు. భార్య ఏమి తింటుందో భర్తకు తెలియనే తెలియదు. ఇబ్నె బతూతా తన భార్యలను తనతోపాటు తినమని బతిమాలాడు. కొందరు ఒప్పుకున్నారు. కొందరు ఒప్పుకోలేదు, ఎన్ని ఉపాయాలు పన్నినా వారు తింటుండగా చూడలేకపోయాడు. ఇంట్లో ఆయన అధికారానికి హద్దు అక్కడ ఉన్నది.

వివాహం అయిన తర్వాత ఖాజీ పదవిని బలవంతంగా కట్టబెట్టారు. దానికి ఒక కారణం ఆయన నోరే. అప్పటివరకు ఖాజీగా ఉన్న యెమెనీ పెద్దమనిషి వారసత్వం పంచినప్పుడల్లా పదోవంతు తాను తీసుకునేవాడు. వారసులతో ఒప్పుకున్న కూలి తప్ప నీకు హక్కు లేదని ఇబ్నె బతూతా ఆక్షేపించాడు. ఇది న్యాయమైన ఆక్షేపణ, అనాథల సొమ్ము కాపాడిన ఆక్షేపణ. ఆయన చేసిన సంస్కరణలలో మొదట చెప్పుకోదగినది ఇదే. ఖాజీని ఆ భాషలో ‘ఫందయార్ ఖలూ’ అంటారని వ్రాశాడు. ‘ఫండియారు’ అనే ఆ మాట న్యాయాధిపతి అనే అర్థంలో నేటి మాల్దీవుల భాషలో జీవించి ఉన్నది. ఖాజీ మాట రాజాజ్ఞ అంత బలమైనది. ఆయన ఖర్చులకు మూడు ద్వీపాల రాబడి ప్రత్యేకించి ఉండేది. ఎదురుపడినవారు భుజంమీది వస్త్రం తీసి, ఖాజీ ఇల్లు చేరేదాకా అట్లాగే వెంట నడిచేవారు.

పదవి చేపట్టిన తర్వాత షరీఅత్‌ను నిలబెట్టడానికి ఆయన పట్టుదలతో పూనుకున్నాడు. శుక్రవారం నమాజు తర్వాత మనుషులను వీధులలోకి పంపి, నమాజుకు రానివారిని పట్టి కొట్టించి ఊరేగించాడు. ఇమాములు, ముఅజ్జిన్లు జీతానికి తగ్గట్టు పని చేయాలని అన్ని ద్వీపాలకు లేఖలు వ్రాశాడు. స్త్రీలు నడుముకు వస్త్రం కట్టి, పైభాగం కప్పుకోకుండా తిరిగే ఆచారాన్ని మాన్పించడానికి ఎంతో ప్రయత్నించాడు, ఫలించలేదు. తన న్యాయస్థానానికి వచ్చే స్త్రీ ఒళ్ళంతా కప్పుకొని రావాలన్న నియమం మాత్రం అమలయింది. గడప దాటితే తన మాట సాగలేదని ఆయనే నిజాయితీగా ఒప్పుకున్నాడు. తన ఇంటి దాసీలకు ఢిల్లీ తరహాలో దుస్తులు తొడిగించి చూశాడు. అలవాటు లేని ఆ బట్టలు వారికి అందం కాకపోగా వెక్కిరింతగా తోచాయట. ఒకసారి ఒక దొంగకు చేయి నరకమని తీర్పు చెప్పగా, అక్కడున్న ద్వీపవాసులు పలువురు స్పృహ తప్పి పడిపోయారు. వారి దేహాలు సున్నితమైనవి, యుద్ధం ఎరుగనివి, వారి ఆయుధం దుఆ అని అంతకుముందు తానే వ్రాశాడు.

ఆయన రద్దు చేసిన మరొక ఆచారంవద్ద కొంత ఆగవలసి ఉన్నది. తలాఖ్ పొందిన స్త్రీ మళ్ళీ వివాహం అయ్యేవరకు మాజీ భర్త ఇంటనే ఉండేది. ఇబ్నె బతూతా దీనిని నిషేధించాడు. అట్లా ఉంచుకున్న సుమారు పాతికమంది పురుషులను పట్టి తెప్పించి, కొట్టించి, బజారులో తిప్పించి, స్త్రీలను ఆ ఇళ్ళనుండి వెళ్ళగొట్టించాడు. శాస్త్రం దృష్ట్యా ఆయన వాదం తప్పు పట్టరానిది. ఇద్దత్ కాలంలో నివాసం కల్పించమని ఖుర్ఆన్‌లో తలాఖ్ సూరా ఆదేశిస్తున్నది. ఇద్దత్ గడిచిన తర్వాత ఆ ఇద్దరూ ఒకరికొకరు పరాయివారు. కాని ఓడ ఎక్కి పోయే భర్తల దేశంలో, చేతి వెడల్పు నేల మీద, ఆ ఆచారం స్త్రీకి ఒక కప్పు ఇచ్చింది. వెళ్ళగొట్టిన తర్వాత వారు ఎక్కడికి వెళ్ళారు? ఎవరు నివాసం చూపారు? ద్వీపాల పేర్లు, చేపల పేర్లు, గవ్వల లెక్కలు అంత శ్రద్ధగా వ్రాసిన కలం ఇక్కడ మౌనంగా ఉన్నది. బైతుల్‌మాల్ నుండి వారికి ఏదైనా ఏర్పాటు చేసి ఉంటే, తన సత్కార్యాలను దాచుకునే అలవాటు లేని ఇబ్నె బతూతా ఆ సంగతి వ్రాసేవాడే అనిపిస్తుంది. ఖాజీ చేతిలో దండన ఒక్కటే కాదు, పోషణ బాధ్యత కూడా ఉంటుంది. మొదటిది మాత్రమే వాడినట్టు ఆయన సొంత కథనమే చూపుతున్నది.

ఒక విషయంలో మాత్రం ఆయన ద్వీపవాసులకు సన్నిహితుడు. వారికి ఇస్లాం తెచ్చినవాడు అబుల్ బరకాత్ అనే మగ్రిబీ హాఫిజ్ అని, నెలనెలా సముద్రంనుండి దీపాలు నిండిన ఓడవలె వచ్చి కన్యను బలి కోరే భూతాన్ని ఆయన ఖుర్ఆన్ పారాయణంతో తరిమివేశాడని అక్కడివారు చెప్పుకునేవారు. ఆ మహనీయుని మీది ప్రేమతో మగ్రిబ్ వారినందరినీ గౌరవించేవారు. అప్పట్లో మాలికీ మజ్‌హబ్‌ను అనుసరించేవారు. (షాఫిఈ మజ్‌హబ్ తర్వాతి కాలంలో వచ్చింది.) రాజు ఇస్లాం స్వీకరించిన సంవత్సరం 1153 అని సంప్రదాయం. అయితే మాలేలోని శాసనంలో ఉన్నది ‘బర్బరీ’యా, ‘తబ్రీజీ’యా అన్నది చరిత్రకారులమధ్య తెగని వివాదం. చుక్కలు పెట్టకుండా వ్రాసిన అరబ్బీ లిపిలో ఈ రెండు మాటలు ఇంచుమించు ఒక్కటిగానే కనిపిస్తాయి. చుక్కల తేడాతో ఒక దేశపు ఇస్లాం చరిత్ర మగ్రిబ్‌కో ఇరాన్‌కో పోతున్నది. ఒక రాత్రి సముద్రంమీద దీపాల వెలుగు కనిపించగా ఊరంతా తక్బీరు పలుకుతూ, పిల్లలు తలలమీద ఖుర్ఆన్ ప్రతులు పెట్టుకొని, స్త్రీలు ఇత్తడి పాత్రలు మోగిస్తూ నిలబడిన దృశ్యాన్ని ఇబ్నె బతూతా కళ్ళారా చూశాడు.

అధికారం పెరిగినకొద్దీ అనుమానమూ పెరిగింది. నాలుగు వివాహాలతో ఆయన దేశంలోని పెద్ద కుటుంబాలన్నింటికీ బంధువయ్యాడు. అంతేగాక ఆయన ఢిల్లీలో చేసుకున్న ఒక భార్య మాబర్ సుల్తానుల ఇంటి ఆడపడుచు; అప్పటి మదురై సుల్తాన్ గియాసుద్దీన్ భార్య ఆమెకు సోదరి. ఎదుటి తీరంలో సైన్యం గల తోడల్లుడున్న ఖాజీని చూసి వజీరులు భయపడడంలో ఆశ్చర్యం లేదు. చెరసాల కూడా లేని దేశం అది. నేరస్థులను సరుకుల కొట్లలో బొండకొయ్యలలో బిగించి ఉంచేవారు. చివరకు ఒక వ్యభిచార నేరంలో చిక్కిన, మాజీ సుల్తాన్ బానిసను వదలిపెట్టమని వజీరు సిఫారసు చేయగా, ఇబ్నె బతూతా మరింత మండిపడి వానిని వెదురు బెత్తాలతో కొట్టించి, మెడకు తాడు వేసి ఊరేగించాడు. వజీరు సభ పిలిచాడు. ఇబ్నె బతూతా వచ్చి, ఆచారం ప్రకారం వంగక, సలాం మాత్రం చెప్పి, తన మాట చెల్లదు గనుక పదవిని వదులుకున్నానని సభ ముందే ప్రకటించాడు. కఠినంగా మాటకు మాట బదులు చెప్పాడు. అంతలో మగ్రిబ్ అజాన్ వినిపించింది. కోపగించడానికి పిలిస్తే అతడే తన మీద కోపగించుకున్నాడని వజీరు గొణుగుకుంటూ లోపలికి వెళ్ళాడు.

సిఫారసుకు లొంగని ఖాజీని మెచ్చుకోకుండా ఉండలేము. అదే సమయంలో ఆయన తెంపరితనం వెనుక ఢిల్లీ సుల్తాన్ పేరు, మాబర్ సైన్యం ఉన్నాయన్న సంగతి మరువలేము. ఎందుకంటే తర్వాత జరిగినది ఇది. బయలుదేరే ముందు ఆయన అక్కడి సేనాపతితోనూ, నౌకాధిపతితోనూ రహస్యంగా మాట్లాడుకున్నాడు. తాను మాబర్ నుండి సైన్యం తెస్తాడు, ఓడలమీద తెల్లజెండాలు కనిపించగానే వారు లోపలినుండి తిరుగుబాటు చేయాలి. కొబ్బరి బొండం ఇచ్చి ఇంటికి తీసుకుపోయిన ప్రజలమీదికి దండెత్తాలన్న ఈ ఆలోచనను ఆయన ఏ సంకోచం లేకుండా స్వయంగా చెప్పి వ్రాయించాడు. గియాసుద్దీన్ మరణించడంతో, తాను మాబర్‌లో మళ్ళీ జ్వరాన పడడంతో ఆ దండయాత్ర జరుగలేదు.

హిజ్రీ 745 రబీఉల్ ఆఖిర్ (1344 ఆగస్టు)లో ఆయన మాలే విడిచాడు. అప్పులు తీర్చి, భార్యలకు తలాఖ్ ఇచ్చాడు. గర్భవతిగా ఉన్న ఒకామెకు తొమ్మిది నెలల గడువు పెట్టి, అప్పటికి తిరిగి రాకపోతే ఆమె నిర్ణయం ఆమె చేతిలోనే అని చెప్పాడు. ఓడ నావికులు చేసే పనినే, కొంచెం మర్యాదగా, ఖాజీ కూడా చేశాడు.

దక్షిణంగా పోతున్నప్పుడు ఒక చిన్న దీవి తగిలింది. అందులో ఒకే ఒక్క ఇల్లు. ఒక నేతగాడు, అతని భార్య, పిల్లలు. కొన్ని కొబ్బరి చెట్లు, అరటి చెట్లు, చేపలు పట్టుకోవడానికి ఒక చిన్న పడవ. నేలమీది పక్షులంటే రెండు కాకులు. అవి వచ్చి ఓడచుట్టూ తిరిగాయి. ఆ నేతగానిని చూసి తనకు అసూయ కలిగిందనీ, ఆ దీవి తనదైతే మరణించేదాకా అక్కడే ఉండిపోయేవాడిననీ ఇబ్నె బతూతా చెప్పుకున్నాడు. ఆ పూట ఆయన నిజంగానే అలా అనుకొని ఉండవచ్చు. ఆ తర్వాత ములూక్ ద్వీపంలో డెబ్బై రోజులు ఉండి, మరి ఇద్దరిని వివాహమాడి, సింహళం వెళ్ళాడు.

మాబర్ నుండి తిరిగి వస్తుండగా సముద్రపు దొంగలు కట్టుబట్టలతో విడిచిపెట్టారు. కాలికట్ చేరినప్పుడు, మాల్దీవులలో తనకు కొడుకు పుట్టాడన్న సంగతి తెలిసి, మళ్ళీ అక్కడికి పోయాడు. అప్పటికి వజీరు జమాలుద్దీన్ మరణించాడు. ఒకప్పుడు తనతో తగవు పడిన అబ్దుల్లా రాణిని వివాహమాడి వజీరు అయ్యాడు. బిడ్డను తీసుకుపోతాడేమోనని తల్లి వజీరుకు మొర పెట్టుకున్నది. వజీరు మాత్రం తండ్రికి అడ్డు చెప్పనన్నాడు. పిల్లవానిని తెచ్చి చూపించారు. ఇబ్నె బతూతా చూసి, వాడు వారివద్ద ఉండడమే మేలని తోచి, తిరిగి ఇచ్చివేశాడు. ఈసారి ఐదు రోజులే ఉన్నాడు. అక్కడనుండి బెంగాలు చేరడానికి ఓడకు 43 రోజులు పట్టింది.